అసమానత అనాలా, వ్యత్యాసం అనాలా, వివక్ష అనాలా?

కాగితంపిల్ల:
నేను అనువాదాలు చేస్తుంటాను, ఎక్కువగా రిపోర్టులు. పోయిన వారం ఒక ఆఫీసుకి పంపిన పనిలో వ్యవసాయ కూలీల మీద ఒక అధ్యాయం ఉంది. దాంట్లో ‘ఇనీక్వాలిటీ’ అన్న మాట వచ్చిన ప్రతిచోటా ‘అసమానత’ అని రాశాను. చూసిన పెద్దాయన అన్నిచోట్లా కొట్టేసి, పక్కన ఎర్రక్షరాలతో ‘వ్యత్యాసం’ అని పెట్టి వెనక్కి పంపారు. ఎందుకండీ అని ఫోన్ చేస్తే, ‘అసమానత అంటే ఉపన్యాసంలా ఉందమ్మా, మనది రిపోర్టు కదా, వ్యత్యాసం అంటే ఎవర్నీ ఏమీ అననట్టు ఉంటుంది’ అన్నారు.

పగటి వేడికీ రాత్రి వేడికీ వ్యత్యాసం ఉంటుంది. రెండు గడియారాల టైముకి వ్యత్యాసం ఉంటుంది. ఒకే చేలో, ఒకే పూట, ఒకే కలుపు తీసిన ఇద్దరికి రెండు రకాల కూలి ఇస్తే దాన్ని కూడా ‘స్త్రీ పురుష వేతన వ్యత్యాసం’ అని రాసి ఊరుకోవాలా? నాకైతే మింగుడు పడటం లేదు. ఎల్లుండిలోగా తిరిగి పంపాలి, అదొక టెన్షన్. మీరైతే ఏం రాస్తారు?

నిక్కచ్చి:
పెద్దాయన చెప్పిందే కరెక్టు మేడమ్. రిపోర్టు పని కొలిచి చెప్పడం. వీళ్లకి ఇంత, వాళ్లకి ఇంత, మధ్యలో ఇంత తేడా, అక్కడితో దాని పని అయిపోయింది. న్యాయమా అన్యాయమా అన్నది చదివేవాళ్లు తేల్చుకుంటారు. ఈ జీతాల విషయంలో ఇంగ్లిషు వాళ్లు కూడా చాలాసార్లు ‘గ్యాప్’ అనే అంటారు. పైగా ప్రతి తేడా అన్యాయం కాదు. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవాడికీ నిన్న చేరినవాడికీ ఒకే జీతం ఉండదు, దాని మీద ఎవరూ గోల చెయ్యరు. ‘అసమానత’ అని రాస్తే తీర్పు ముందు రాసేసి లెక్కలు తర్వాత చూపించినట్టు ఉంటుంది.

సూత్రం:
ఇద్దరూ మాటని సరిగ్గా చూడటం లేదు. సమానం కానిది అసమానం, ఆ భావం అసమానత, అంతే. ఇందులో తీర్పు ఎక్కడుంది? నిజానికి ‘అసమాన’ అనేది పొగడ్త కూడా. అసమాన ప్రతిభ, అసమాన ధైర్యసాహసాలు అని చదువుతూనే ఉంటాం, సాటి లేనిది అని అర్థం. అదే మాటకి చివర ‘త’ తగలగానే ఫిర్యాదైంది. ఆ ‘త’ సంగతి ఒకటి చెప్పాలి. ‘త’కీ ‘త్వం’కీ అర్థంలో తేడా లేదు, పాణిని రెంటినీ ఒకే సూత్రంలో చెప్పాడు. అయినా మనం సమానత్వం అని ‘త్వం’ పెట్టుకుంటాం, దాని వ్యతిరేకానికి వచ్చేసరికి ఎక్కువగా అసమానత అని ‘త’ పెడతాం. ఇంకో చిత్రం, ‘సమానత్వాలు’ అని ఎవరైనా రాస్తే నవ్వుతాం. అసమానతలు మాత్రం ఎప్పుడూ గుంపుగానే వస్తాయి, ఆర్థిక అసమానతలు, సామాజిక అసమానతలు, ప్రాంతీయ అసమానతలు.

ఇక పెద్దాయన గారి ‘వ్యత్యాసం’. సంస్కృతంలో దాని అసలు అర్థం తారుమారు కావడం, అటుది ఇటూ ఇటుది అటూ అవడం. ‘వ్యత్యస్తం’లో ఆ అర్థం ఇంకా మిగిలే ఉంది. కాబట్టి ఆయన నిదానమైన మాట అనుకుంటున్నది మూలంలో అంత నిదానమైనదేం కాదు. మీకు కావలసింది ‘తారతమ్యం’. ఇద్దరిలో ఒకరు ఎక్కువ అనడానికి ‘తర’, అందరికంటే ఎక్కువ అనడానికి ‘తమ’, ఆ రెండు ప్రత్యయాలు కలిసి పుట్టిన మాట అది. ఒకరి మీద ఒకరు ఉన్నారన్నది మాట లోపలే ఉంది. మూలం తెలుసుకుని వాడితే ఈ తికమక ఉండదు.

తోకచుక్క:
సూత్రం గారూ, మూలం చూసి వాడాలంటే ‘వివక్ష’ని కూడా వదిలెయ్యాలి మరి. సంస్కృతంలో వివక్ష అంటే చెప్పాలనే కోరిక. వక్త, వాక్కు వచ్చిన చోటి నుంచే అదీ వచ్చింది. రేపటి నుంచి ‘కులవివక్ష’ అని కనబడితే కులం గురించి మాట్లాడాలనే కోరిక అని చదువుకోమంటారా?

సూత్రం:
అవును, పప్పులో కాలేశాను. ఓడిపోయినప్పుడు పూర్తిగా ఓడిపోవాలి కనుక ఇంకో ఆయుధం కూడా నేనే అందిస్తాను, ‘వైషమ్యం’. విషమం అంటే సమం కానిది, వైషమ్యం అంటే అసలు అర్థం అసమానతే. బ్రహ్మసూత్రాల్లో ‘వైషమ్యనైర్ఘృణ్యే న’ అని ఒక సూత్రం ఉంది. లోకంలో ఒకరు సుఖపడుతూ ఒకరు ఏడుస్తూ ఉంటే దేవుడికి పక్షపాతమూ దయలేనితనమూ అంటగట్టాల్సి వస్తుంది కదా అన్న ప్రశ్నకి జవాబు అది. మరాఠీ వాళ్లు ఇప్పటికీ సామాజిక అసమానతని ‘సామాజిక విషమత’ అంటారు. మనదగ్గర ఆ మాట దారి తప్పింది. ‘రెండు వర్గాల మధ్య వైషమ్యాలు’ అంటే పగలూ గొడవలూ తప్ప ఎక్కువ తక్కువలు అని ఎవరికీ తోచదు. ఎక్కువ తక్కువలకి ఉన్న మాట కొట్లాటకి పేరైపోయింది. ఎలా జరిగిందో తెలియదు గానీ, జరగడం వింతేమీ కాదనిపిస్తుంది.

లెక్కల మాస్టారు:
నా గొడవ నాది. బడిలో ≠ అనే గుర్తు చెప్తాం, < అనే గుర్తూ చెప్తాం. మొదటిది ‘సమానం కాదు’ అంటుంది. ఎవరు పెద్ద అంటే నోరు విప్పదు. రెండోది ఎవరు చిన్నో వేలు పెట్టి చూపిస్తుంది. ఆ < గుర్తు వాడినది థామస్ హారియట్ అనే ఇంగ్లండు ఆయన, ఆయన పోయాక 1631లో పుస్తకంలో అచ్చయింది. ఇప్పుడు కాగితంపిల్ల గారి మాటలు ఆ గుర్తుల పక్కన పెట్టి చూడండి. ‘వ్యత్యాసం’ అనేది తీసివేత జవాబు, ఒక అంకె, అంతే. ఐదులోంచి మూడు పోతే రెండు, ఆ రెండు ఎవరి వైపు తక్కువైందో జవాబులో కనపడదు. ‘అసమానత’ అనేది ≠ గుర్తు. ‘స్త్రీ పురుష వేతన అసమానత’ అని రాసినా సరే, ఎవరికి తక్కువో ఆ నాలుగు మాటల్లో లేదు, మనకి ముందే తెలుసు కాబట్టి అర్థం చేసుకుంటున్నాం. అంటే మీరు పట్టుబడుతున్న మాట కూడా సగమే చెప్తోందమ్మా. మీకు కావలసింది < గుర్తు లాంటి మాట.

నిక్కచ్చి:
మాస్టారూ, మొదటిసారి ఎవరో తూకంగా మాట్లాడారు.

చేనుగట్టు:
మా అమ్మ కూలికి వెళ్లేది, సెలవుల్లో నేనూ వెళ్లేదాన్ని. మేస్త్రీ దగ్గర ఒక పొడుగు నోటుపుస్తకం ఉండేది, పేజీ మధ్యలో పెన్నుతో గీత, ఒక పక్క ‘మ’, ఇంకో పక్క ‘ఆ’. పొద్దున్నే పేరు చెప్పగానే ఏ పక్క రాస్తాడో దాన్నిబట్టి సాయంత్రం చేతికి ఎంత వస్తుందో తేలిపోయేది, ఇంకా ఒక్క మొక్క కూడా నాటకముందే. అడిగితే మగవాళ్లు నారుకట్టలు మోస్తారు, బరువు పని అనేవాళ్లు. మోసేది పొద్దున కాసేపు. ఆ తర్వాత వాళ్లు గట్టు మీద నిలబడితే నడుం వంచి రోజంతా నాటు వేసింది ఎవరు? ఇంకా కలుపు రోజుల్లో మొయ్యడానికి కట్టలే ఉండవు, అయినా ‘మ’ పక్క కూలి ‘మ’ పక్కదే.

అక్కడ వ్యత్యాసం అని గానీ అసమానత అని గానీ ఎవరి నోటా వినలేదు. మాకు ఉన్నవి రెండే మాటలు, మగకూలి, ఆడకూలి. అవి వేరేవేరే సరుకులైనట్టు, రెండింటికి రెండు పేర్లు. పెద్దయ్యాక చదువుకున్నవాళ్లు ‘వేతన అసమానత’ అంటే నాకు అనువాదం చేసుకోవడానికి టైం పట్టింది, ఓహో ఆడకూలి గురించా అని. మీరు ఆ రెండు మాటలే వాడొచ్చు కదా అక్కా? లేదంటే ‘హెచ్చుతగ్గులు’ అనండి, అందరికీ తెలిసిన మాట. హెచ్చూ ఉంది, తగ్గూ ఉంది, మాస్టారు అడిగిన గుర్తు కూడా ఉంది.

తోకచుక్క:
‘మ’, ‘ఆ’ పుస్తకం బాగా చెప్పారు. ‘హెచ్చుతగ్గులు’ మాత్రం నాకు నచ్చలేదు. ఈ మాట ఇప్పుడు ఎక్కడ వింటున్నాం? ధరల్లో హెచ్చుతగ్గులు, వోల్టేజీలో హెచ్చుతగ్గులు, జ్వరంలో హెచ్చుతగ్గులు. ఇవాళ తగ్గింది రేపు హెచ్చుతుంది అన్న ధీమా దాంట్లో ఉంది. మీ మేస్త్రీ పుస్తకంలో ‘ఆ’ పక్క ఏ రోజైనా హెచ్చిందా? ‘కులాల హెచ్చుతగ్గులు’ అని పెద్దవాళ్లు అనేవారు, అప్పట్లో బాగానే పలికింది. ఇప్పుడు వోల్టేజీ దాన్ని మింగేసింది.

అసలు పాత తెలుగులో దీనికి దిట్టమైన మాట ఉంది, ‘హీనాధికములు’. అన్నమయ్య ‘బ్రహ్మమొకటే’ కీర్తనలో ‘హీనాధికము లిందు లేవు’ అంటాడు. ఐదొందల ఏళ్ల కిందటి మాట, హీనమూ అధికమూ రెండూ ఉన్నాయి, పైగా ‘హీనం’ అనడంలో తక్కువ అంకె మాత్రమే కాదు, తక్కువ చూపు కూడా ఉంది. వాడుకలోంచి పోయింది కాబట్టి రిపోర్టులో పెడితే ఎవరికీ అర్థం కాదు, ఆ సంగతి నాకూ తెలుసు. ఊరికే చెప్పాలనిపించింది (ఇదీ వివక్షే, పాత అర్థంలో).

రెండో గ్లాసు:
చాలాసేపటి నుంచి చదువుతున్నాను. అందరూ ఎంత ఎక్కువ, ఎంత తక్కువ అనే మాట్లాడుతున్నారు. నా పేరు చూశారు కదా. హోటల్లో రెండు గ్లాసుల పద్ధతి అని ఉండేది, మాకు వేరే గ్లాసు, తాగాక మేమే కడిగి పెట్టాలి. రెండు గ్లాసుల్లోనూ టీ సమానమే. డబ్బులూ సమానమే. మాస్టారు గారి తీసివేత చేస్తే జవాబు సున్నా. వ్యత్యాసం లేదు, నిక్కచ్చి గారి రిపోర్టులో రాయడానికి ఏమీ లేదు. ఇప్పుడు చెప్పండి అది ఏమిటో.

దాన్ని వివక్ష అంటారు. చేసేవాడు ఉంటాడు, పడేవాడు ఉంటాడు. వ్యత్యాసానికి చేసేవాడు అక్కర్లేదు, అసమానతకీ అక్కర్లేదు, ‘సమాజంలో అసమానతలు ఉన్నాయి’ అంటే అవేవో వాటంతటవే మొలిచినట్టు ఉంటుంది. ‘వివక్ష ఉంది’ అనగానే ఎవరు చూపిస్తున్నారు అన్న ప్రశ్న వెంటనే వస్తుంది. ‘వివక్ష చూపడం’ అంటాం, ‘అసమానత చూపడం’ అనం. మాస్టారి పాఠంలో దీనికి గుర్తు లేదు, ఎందుకంటే అంకెలు ఒకదాన్నొకటి చిన్నచూపు చూడవు.

అలాగని అసమానత అనే మాట వద్దని కాదు. అంబేద్కర్ 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో, వచ్చే జనవరి 26న వైరుధ్యాల జీవితంలోకి అడుగుపెడుతున్నాం, రాజకీయాల్లో సమానత్వం, సామాజిక ఆర్థిక జీవితంలో అసమానత అన్నారు. అక్కడ ఆ మాటే కావాలి, వివక్ష అంటే చిన్నదైపోతుంది, ఎవరో నలుగురి చెడ్డబుద్ధి అయిపోతుంది. ఆయనే కులం గురించి చెప్పేటప్పుడు వట్టి అసమానత అని ఊరుకోలేదు, మెట్లుమెట్లుగా ఉన్న అసమానత అన్నారు. తెలుగులో దానికి అంతకంటే బాగా ‘నిచ్చెనమెట్లు’ అనే మాట పడింది. ఎవరికి వాళ్లకి తమ కింద ఇంకో మెట్టు ఉందన్న తృప్తి, అందుకే అందరూ కలిసి నిచ్చెన పడగొట్టరు. ≠ అన్నా < అన్నా ఇద్దరి మధ్య సంగతే మాస్టారూ, నిచ్చెన ఇద్దరితో ఆగదు.

లెక్కల మాస్టారు:
a < b < c < d అని వరసగా రాసుకోవచ్చు బాబూ, అది నిచ్చెనే. కానీ గ్లాసు సంగతికి నా దగ్గర గుర్తు లేదన్నది నిజం. ఒప్పుకుంటున్నాను.

నల్లకోటు:
రాజ్యాంగం మాట వచ్చింది కాబట్టి. 15వ అధికరణం వివక్ష కూడదంటుంది. 38వ అధికరణంలో రెండో క్లాజు, 1978లో 44వ సవరణతో చేర్చింది, అసమానతల గురించి మాట్లాడుతుంది. అందులో ఒక చిన్న విషయం చాలామంది చూడరు. ఆదాయాల్లో అసమానతలని ‘తగ్గించడానికి’ రాజ్యం పాటుపడాలి, అంతస్తులో, సౌకర్యాల్లో, అవకాశాల్లో అసమానతలని ‘తొలగించడానికి’ ప్రయత్నించాలి అని ఉంది. మాట ఒకటే, క్రియలు రెండు. డబ్బులో కొంత తేడా ఉండిపోతుందని ఒప్పుకున్నారు, అంతస్తులో మాత్రం మిగలకూడదన్నారు. అదీ వ్యక్తుల మధ్యే కాదు, వేరేవేరు ప్రాంతాల్లో ఉండే, వేరేవేరు పనులు చేసే జనసమూహాల మధ్య కూడా. కాబట్టి ‘అసమానత ఉపన్యాసం భాష, రిపోర్టుకి పనికిరాదు’ అనే వాదన నిలబడదు. రాజ్యాంగం కంటే పెద్ద రిపోర్టు ఏముంది? కూలి సంగతికైతే 39(డి), సమాన పనికి సమాన వేతనం, దాని మీద 1976లో చట్టం కూడా వచ్చింది. మూలంలో ‘ఒకే పనికి’ అని ఉంటే అది వట్టి తేడా కాదు, చట్టం వద్దన్న తేడా.

నిక్కచ్చి:
ఉపన్యాసం అన్నది పెద్దాయన మాట, నాది కాదు. నేనన్నది ఇదీ: అసమానత అనేసి చేతులు దులుపుకుంటే దేంట్లో అసమానతో ఎవరూ అడగరు. 2025లో జరిగిన గోల గుర్తుందా? ప్రపంచ బ్యాంకు లెక్కలో మన గినీ సూచీ (అసమానతని కొలిచే అంకె, ఎంత తక్కువైతే అంత సమానం అని) 25.5, సమానత్వంలో ప్రపంచంలోనే నాలుగో స్థానం అని ప్రభుత్వం ప్రకటించింది. అంతకుముందు ఏడాదే వరల్డ్ ఇనీక్వాలిటీ ల్యాబ్ వాళ్లు 2022-23లో దేశం ఆదాయంలో 22.6 శాతం పైనున్న ఒక్క శాతం మంది చేతికే పోతోందని చెప్పి ఉన్నారు. రెండు పక్షాలూ ‘అసమానత’ అనే అన్నాయి. ఒకరు కొలిచింది ఇళ్లలో పెట్టే ఖర్చు, ఇంకొకరు కొలిచింది ఆదాయం. డబ్బున్నవాడు వచ్చినదంతా ఖర్చు పెట్టడు, మిగిల్చుకుంటాడు, లేనివాడు వచ్చినదంతా, ఒక్కోసారి అప్పు తెచ్చి కూడా, ఖర్చు పెడతాడు. కాబట్టి ఖర్చులో తేడా ఎప్పుడూ చిన్నగా కనపడుతుంది. ‘ఖర్చులో వ్యత్యాసం’, ‘ఆదాయంలో వ్యత్యాసం’ అని విడివిడిగా రాసి ఉంటే సగం గొడవ లేకుండా పోయేది.

తోకచుక్క:
‘ఖర్చులో అసమానత’, ‘ఆదాయంలో అసమానత’ అన్నా పోయేదే. మీరు గెలిచింది ‘దేంట్లో’ అన్న మాట మీద, ‘వ్యత్యాసం’ మీద కాదు.

నిక్కచ్చి:
సరే. ‘దేంట్లో’ అన్నదైనా నాకు ఇవ్వండి.

రెండో గ్లాసు:
తీసుకోండి. అమర్త్యసేన్ 1979లో ప్రసంగానికి పెట్టుకున్న పేరే ‘దేనిలో సమానత్వం’ అన్న ప్రశ్న. ఆయన వేరే జవాబుల కోసం అడిగారనుకోండి.

కాగితంపిల్ల:
అందరికీ థాంక్స్. ఇంత వస్తుందనుకోలేదు. రాత్రి కూర్చుని ఆ అధ్యాయం మళ్లీ చూశాను. ‘ఇనీక్వాలిటీ’ తొమ్మిదిసార్లు ఉంది, తొమ్మిదింటికీ ఒకే మాట పెట్టడం నా తప్పే, తొమ్మిదింటికీ ఇంకో మాట పెట్టడం పెద్దాయన తప్పు. రెండుచోట్ల జిల్లాల మధ్య సగటు కూలి పోల్చారు, ఒక జిల్లాలో ఒక పంట, ఇంకోచోట ఇంకోటి. అక్కడ ‘వ్యత్యాసం’ ఉంచేశాను, నిక్కచ్చి గారికి చెప్తున్నా. భూమి ఎవరి చేతిలో ఎంత ఉందో చెప్పిన మూడుచోట్ల ‘భూమి యాజమాన్యంలో అసమానత’, ‘దేంట్లో’ అన్నది రాసే పెట్టాను. పనిలోకి పిలిచేటప్పుడు కులం చూసి పిలవడం గురించి రెండుచోట్ల ఉంది, మూలంలో అక్కడ కూడా ‘ఇనీక్వాలిటీ’ అనే ఉంది, నేను ‘వివక్ష’ అని రాశాను. దాని మీద మళ్లీ ఫోన్ వస్తుందని తెలుసు, నల్లకోటు గారి 15వ అధికరణం చేతిలో పెట్టుకున్నా.

మిగిలిన రెండు ఆడకూలి, మగకూలి సంగతి. అక్కడే చాలాసేపు ఆగిపోయాను. వేతన అసమానత అని రాశా, కొట్టేశా. తారతమ్యం రాశా, పెళ్లి సంబంధం మాట్లాడుతున్నట్టుంది, కొట్టేశా. చివరికి పేరుపదాలన్నీ తీసేసి ‘ఒకే పనికి మగవాళ్ల కంటే ఆడవాళ్లకి తక్కువ కూలి ఇస్తున్నారు’ అని రాశాను. ఎవరికి తక్కువో ఉంది, దేంట్లో తక్కువో ఉంది.

చేనుగట్టు:
అదే బాగుంది అక్కా. మా అమ్మకి చదివి వినిపించినా అర్థమవుతుంది.

రెండో గ్లాసు:
బాగుంది. ‘ఇస్తున్నారు’ అన్నారు. ఎవరు?

కాగితంపిల్ల:
మూలంలో లేదు. ఇంగ్లిషులోనూ ‘ఇవ్వబడుతోంది’ అన్న పద్ధతిలోనే ఉంది. రేపు ఫోన్ చేసినప్పుడు అడుగుతాను.